పాత జాజ్ డ్రమ్స్ కొనేముందు: లగ్ కింద రంగు, బండ మీద అంచు

డ్రమ్ సెట్టును మన సీమలో ఇప్పటికీ చాలామంది జాజ్ డ్రమ్స్ అనే అంటారు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో పాతవి వెతకాల్సిన చోట్లు తెలిసినవే: చర్చి వెనక సామాన్ల గది, ఆర్కెస్ట్రా మానేసినవాళ్ల మిద్దె, పెళ్లి బ్యాండ్ల రేకుల కొట్టాలు, గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లలోని పాత ఇళ్లు. ఇలా బయటపడేవాటిలో ఎక్కువ భాగం ఒకే సెట్టుగా పుట్టినవి కావు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒక కంపెనీది ఉంటుంది, టామ్ (పుల్లలతో వాయించే మామూలు డ్రమ్ము) ఇంకొకదానిది. స్నేర్ (కింద తీగలు బిగించిన డ్రమ్ము) పోతే కవాతు బ్యాండ్ల సైడ్ డ్రమ్ తెచ్చి నిలబెట్టి ఉంటారు. అందుకే సెట్టు మొత్తానికి కలిపి బేరం ఆడొద్దు. ఒక్కో డ్రమ్ముకు విడిగా ధర కట్టి, తర్వాత కూడండి. ఆ ధరను తేల్చేవి ముఖ్యంగా రెండు: పైనున్న పూత కంపెనీలో వేసిందేనా, షెల్‌కు, అంటే డ్రమ్ము గుండ్రటి ఒంటికి, తర్వాత ఎవరైనా బెజ్జాలు వేశారా. ఈ రెండూ బయటి నుంచి కనపడవు, విప్పి చూడాల్సిందే.

వెళ్లేటప్పుడు డ్రమ్ కీ (డ్రమ్ము బోల్టులు తిప్పే చెవి) రెండు, చిన్న స్క్రూడ్రైవర్, టేపు, అడుగు పొడవు స్టీలు స్కేలు, టార్చి, అయస్కాంతం, భూతద్దం, మెత్తటి నూలు గుడ్డ పట్టుకెళ్లండి. కొత్త 14 అంగుళాల హెడ్ (డ్రమ్ముకు బిగించే, వాయించే పొర) ఒకటి కూడా ఉండాలి, ఎందుకో కింద చెబుతాం. అమ్మేవాళ్లను ముందే అడగండి: "అన్నా, ఒక్కో డ్రమ్ముకు ఒక హెడ్డు, ఒక లగ్గు విప్పి చూస్తాం, మళ్లీ మేమే బిగించి ఇస్తాం." లగ్ అంటే షెల్‌కు బయట బిగించి ఉండే, హెడ్ బోల్టు దిగే లోహపు ముక్క. ఒప్పుకోకపోతే, ప్రతి డ్రమ్ముకూ పూత మార్చారనే అనుకుని ధర చెప్పండి. చర్చి సామాను అయితే అయ్యగారితో మాట్లాడితే చాలదు. సంఘ పెద్దల తీర్మానం, రసీదు ఉంటేనే డబ్బు ఇవ్వండి. లేకపోతే నెల తర్వాత ఇంకెవరో వచ్చి ఎవరిని అడిగి అమ్మారంటారు.

ఏ కంపెనీది, ఏ కాలంది

బ్యాడ్జీ చూడగానే నమ్మొద్దు, ఊడదీసి ఇంకోదానికి కొట్టొచ్చు. బ్యాడ్జీని పట్టి ఉంచే గుండ్రటి ఐలెట్ లోపలి అంచు చూడండి. ఒకే దెబ్బకు సమంగా విచ్చుకున్నట్టుంటే మంచిది. సుత్తి నొక్కులు, చీలికలు, చుట్టూ గీతలు ఉంటే ఎవరో మార్చారన్నమాట.

అమెరికా కంపెనీ లడ్విగ్‌కు 1960ల్లో ఉన్నది కీస్టోన్ బ్యాడ్జీ (పైన వెడల్పు, కింద సన్నం). సుమారు 1969 నుంచి నీలం, ఆలివ్ రంగుల బ్యాడ్జీ వచ్చింది. 1970ల నడిమి దాకా వాళ్ల షెల్ మూడు పొరల చెక్క, పైనా కిందా లోపలి వైపు బలానికి రింగులు ఉంటాయి. ఆ తర్వాత ఆరు పొరలకు మారి రింగులు పోయాయి. కాబట్టి కీస్టోన్ బ్యాడ్జీ ఉండి రింగులు లేని షెల్ కనపడితే ఆగండి. 60ల షెల్లు చాలావాటి లోపల ఇంకుతో తేదీ ముద్ర ఉంటుంది, టార్చి వేసి వెతకండి. ఇంకో అమెరికా కంపెనీ గ్రెచ్ అయితే 1971 దాకా గుండ్రటి బ్యాడ్జీ, తర్వాత ఎనిమిది మూలలది. షెల్ లోపల వెండిరంగు పెయింటు ఉండాలి.

మన దగ్గర దొరికే విదేశీ సామానులో ప్రీమియర్ పేరు తరచు వినపడుతుంది. ఇంగ్లండ్ కంపెనీ, 1922లో మొదలైంది. పోలీసు, మిలిటరీ బ్యాండ్ల డ్రమ్ములకూ వాడుకలో ఉన్న పేరే. దీని క్రోమ్ పూత గట్టిది, 50 ఏళ్ల తర్వాత కూడా తుడిస్తే అద్దంలా వచ్చేవి ఉన్నాయి. చిక్కు కొలత దగ్గర వస్తుంది. సుమారు 1968కి ముందు చేసినవాటి షెల్లు ఇప్పటి అంతర్జాతీయ కొలతకు సరిపోవు. ఇప్పటి 14 అంగుళాల హెడ్ వాటికి ఎక్కదు, ప్రత్యేకంగా తెప్పించాలి. వెంట కొత్త హెడ్ పెట్టుకెళ్లమన్నది ఇందుకే. అది పైనుంచి వదిలితే తనంతట తాను దిగి, వేలితో తిప్పితే తిరగాలి.

1960, 70ల్లో జపాన్ నుంచి రకరకాల పేర్లతో వచ్చిన చవక సెట్లు కూడా ఉంటాయి. షెల్ లువాన్ చెక్క, ఎర్రగా, పలచగా, గరుకుగా ఉంటుంది. చూడ్డానికి మెరుపులు బాగానే ఉంటాయి గానీ సేకరణదారులు వాటికి పెద్ద ధర పెట్టరు. యమహా రికార్డింగ్ కస్టమ్ వరుస మాత్రం వేరు. 1970ల నడుమ మొదలైన ఆ బర్చ్ చెక్క షెల్లు, నల్ల పియానో లాకర్ ఉన్నవి గీతల్లేకుండా దొరికితే వదలొద్దు.

ఇక ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సరుకు. జాలీ కోఠీ బజారు నుంచి దేశమంతటికీ బ్యాండు సామాను వెళ్తుంది, మన పెళ్లి బ్యాండ్లలోనూ ఉంది. పాతదైనంత మాత్రాన దానికి వింటేజ్ ధర రాదు. బోల్టు చూస్తే చాలావరకు తెలుస్తుంది. అమెరికా డ్రమ్ముల టెన్షన్ రాడ్ (హెడ్‌ను బిగించే బోల్టు) మందం సుమారు 5.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. మన హార్డ్‌వేర్ షాపులో దొరికే 6 మిల్లీమీటర్ల బోల్టు అందులోకి పోదు, 5ది వదులుగా ఆడుతుంది. అమెరికా బ్యాడ్జీ ఉన్న లగ్‌లో 6 మిల్లీమీటర్ల బోల్టు దిగి ఉంటే లగ్ అయినా మారింది, లోపలి మర అయినా చెడింది.

పూత: సగం ధర ఇక్కడే

డ్రమ్ము చుట్టూ అతికించిన ప్లాస్టిక్ రేకును ర్యాప్ అంటారు. మెరుపులవి, ముత్యపు చిప్ప నమూనావి, ఆయిస్టర్ గీతలవి అన్నీ ర్యాప్‌లే. పాత ర్యాప్ చాలావాటికి సెల్యులాయిడ్ అనే పాత రకం ప్లాస్టిక్ వాడారు. గుడ్డతో వేడెక్కేదాకా రుద్ది వాసన చూస్తే కర్పూరం తగులుతుంది, ఎందుకంటే సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు. అగ్గిపుల్లతో పరీక్ష చేయమని ఎవరైనా చెబితే వినొద్దు. సెల్యులాయిడ్ భగ్గుమని అంటుకుంటుంది.

ఒక లగ్ విప్పండి. దాని కింద ఇన్నేళ్లూ వెలుతురు తగలని చోటు ఉంటుంది, అదే అసలు రంగు. అక్కడి రంగుకూ బయటి రంగుకూ తేడా ఉండి తీరాలి. 50 ఏళ్ల డ్రమ్ము లోపలా బయటా ఒకే రంగులో ఉంటే అది పెట్టె దాటని డ్రమ్మయినా అయ్యుండాలి, పూత కొత్తదయినా అయ్యుండాలి. మొదటిది చాలా అరుదు.

రంగు ఎలా మారుతుందో తెలిస్తే మోసం పట్టుకోవడం తేలిక. ర్యాప్ పైపొర పారదర్శకంగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపుబారుతుంది. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. అందుకే నీలి మెరుపు డ్రమ్ములు ఆకుపచ్చగా కనపడతాయి, అమ్మేవాళ్లు వాటిని 'అరుదైన ఆకుపచ్చ' అని చెప్పడమూ కద్దు. లగ్ కింద నీలం కనపడగానే ఆ మాట తేలిపోతుంది. వెండి మెరుపు లేత బంగారు రంగుకు వస్తుంది, తెల్ల ముత్యపు ర్యాప్ పాత దంతం రంగుకు. ఎరుపు, గులాబీ రంగులు దీనికి భిన్నం, ఎండకు వెలిసిపోతాయి. చుట్టూ ఒకేలా ముదిరిన రంగును సేకరణదారులు లోపంగా చూడరు, కొందరికి అదే ఇష్టం. కిటికీ వైపున్న సగం వెలిసి మిగతా సగం అలాగే ఉంటే మాత్రం ధర పడుతుంది. అది తిరిగి రాదు, ఏ పాలిషూ తేలేదు.

పూత మార్చారా అన్నది తేల్చడానికి ఇంకా గుర్తులున్నాయి. గాలి బెజ్జం దగ్గర లోపలి వైపు జిగురు కారిన మరకలు. లగ్ బెజ్జాల చుట్టూ ర్యాప్ అంచు మరీ పదునుగా, తెల్లగా ఉండటం. లగ్ విప్పితే అక్కడ దాని ఆకారం ముద్ర పడకపోవడం, ఏళ్ల తరబడి నొక్కుకున్న లోహం మచ్చ వదలకుండా ఉండదు. పాత ర్యాప్ తీయకుండా దాని మీదే కొత్తది అతికిస్తే మందం పెరిగి హెడ్ బిగుతుగా దిగుతుంది. సెట్టులో మూడు డ్రమ్ముల నమూనా ఒకేలా ఉన్నా ఒకదాని పసుపు ఛాయ వేరుగా ఉంటే, ఆ ఒక్కదాన్ని రెండుసార్లు చూడండి.

ఈ జాగ్రత్త అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది లడ్విగ్ బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్ (నల్ల ఆయిస్టర్ గీతల ర్యాప్) దగ్గర. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో ఎడ్ సల్లివన్ షోలో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ ఆ పూత డ్రమ్ములతో కనపడ్డాక దాని మీద మోజు ఈ రోజుకీ తగ్గలేదు. అదే షెల్ వేరే రంగులో కన్నా ఇందులో బాగా ఎక్కువ పలుకుతుంది. నకలు ర్యాప్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. కాబట్టి ఈ పూతకు అదనంగా ఇచ్చే ప్రతి రూపాయికీ లగ్ కింద రుజువు కనపడాలి.

మన దగ్గర మాత్రమే తరచు ఎదురయ్యేది ఎనామిల్ పెయింటు. క్రిస్మస్ ముందు చర్చి గోడలతో పాటు డ్రమ్ములకూ ఒక కోటు కొట్టేస్తారు. చూడగానే మనసు విరిగిపోతుంది గానీ, కింద ర్యాప్ బతికే ఉండొచ్చు. లగ్ కిందికి పెయింటు పోదు, అక్కడ చూడండి. పెయింటు తీయడానికి థిన్నరు గానీ గోళ్లరంగు తీసే ద్రవం గానీ ముట్టుకోవద్దు, అవి ర్యాప్‌నే కరిగిస్తాయి. ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకి, మిగిలినదాన్ని కార్లకు వాడే మెత్తటి రబ్బింగ్ కాంపౌండుతో, ముందు లగ్ కింద పడే చోట పరీక్షించి, ఓపిగ్గా తీయాలి. ఒక్క టామ్‌కు రెండు మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ శ్రమ లెక్క వేసుకునే ధర చెప్పండి.

ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. మేలో రేకుల కింద ఉన్న డ్రమ్ము జిగురు మెత్తబడి ర్యాప్ అతుకు దగ్గర లేస్తుంది, సెల్యులాయిడ్ కుంచించుకుపోయి లగ్ బెజ్జాల నుంచి పగుళ్లు తీస్తుంది. అతుకు లేచిందంటే బాగు చేసుకోవచ్చు, పగులు తెరుచుకుందంటే అలాగే మిగిలిపోతుంది. అతుకు అతికించడానికి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఫెవికాల్ ఎస్ఆర్ 998ను రెండు వైపులా పలచగా పూసి, చేతికి అంటుకోని దశకు రానిచ్చి ఒక్కసారే నొక్కాలి. అది పట్టుకున్నాక జరపలేం. పైన సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఒక రోజు వదిలేయండి. అంచున పొంగిన జిగురును ఆరాక బొటనవేలితో రుద్దితే ఉండలుగా ఊడిపోతుంది. కుంచించుకుపోయి రెండు చివరలు కలవని ర్యాప్‌ను లాగి కలపబోతే చీలుతుంది. సందు ఉంటే ఉండనివ్వండి.

షెల్, అంచు, చెద

షెల్ అంచు చదునుగా లేకపోతే శ్రుతి నిలవదు. దీన్ని చూడ్డానికి కడప బండ కన్నా మంచి పరికరం మనకు లేదు. పాలిష్ చేసిన రెండడుగుల చదరం బండ 22 అంగుళాల కిక్‌కు కూడా సరిపోతుంది. తాడిపత్రి, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర మరకపడ్డ ముక్క అడిగితే చవగ్గా ఇస్తారు. ముందు బండ చదునును పరీక్షించండి: స్టీలు స్కేలును నాలుగు దిక్కులా నిలువుగా పెట్టి వెనక టార్చి వేస్తే వెలుతురు కారకూడదు. తర్వాత హెడ్ తీసిన షెల్‌ను బోర్లించి, లోపల టార్చి పెట్టి, గదిలో లైటు తీసేయండి. అంచు కింద ఎక్కడ వెలుతురు గీత కనపడితే అక్కడ పల్లం. కాగితం దూరేంత సందుకు పర్వాలేదు. పోస్టుకార్డు దూరేంత ఉంటే అంచు మళ్లీ కోయించాలి. కోయించిన షెల్ వాయించడానికి బాగుంటుంది, సేకరణ విలువ మాత్రం తగ్గుతుంది.

గుండ్రం చూడ్డానికి వ్యాసాన్ని నాలుగు దిక్కులా కొలవండి. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లలోపు ఉంటే సరే. మూడు దాటితే వదిలేయడం మేలు.

లోపలి వైపు బెజ్జాలు లెక్కపెట్టండి. లగ్‌లు, బ్యాడ్జీ, టామ్‌ను పట్టి నిలిపే మౌంటు, కాళ్ల బ్రాకెట్లకు ఎన్ని కావాలో అన్నే ఉండాలి. పుట్టీ పెట్టి మూసినవి బయట ర్యాప్ కింద దాగినా లోపల దొరికిపోతాయి. కిక్ మీద తర్వాత వేసిన టామ్ మౌంటు బెజ్జం అన్నిటికన్నా తరచుగా కనపడేది. చెద పట్టిందేమో అంచుల దగ్గర మట్టి గీతల కోసం వెతకండి, వేలి కణుపుతో చుట్టూ తట్టండి. ఒకచోట బొడబొడమంటే లోపల తినేసింది. సూది బెజ్జాలు, కింద సన్నటి పొడి ఉంటే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటిదాన్ని మంచి డ్రమ్ముల పక్కన పెట్టను కూడా పెట్టొద్దు.

ఇనుము, క్రోమ్, తాళాలు

లోహపు స్నేర్‌కు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే స్టీలు, చాలావరకు చవక రకం. అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో. గాలి బెజ్జం అంచున గీరు పడ్డచోట పసుపు కనపడితే ఇత్తడి, తెలుపు కనపడితే అల్యూమినియం. లడ్విగ్ సుప్రాఫోనిక్ స్నేర్లు 1963 దాటాక దాదాపు అన్నీ అల్యూమినియం మీద క్రోమ్ వేసినవే. అంతకు ముందు ఇత్తడి మీద వేసినవి వచ్చాయి, వాటికి ధర ఎక్కువ. అల్యూమినియం మీది క్రోమ్ బుడగలు లేచి పొట్టులా రాలుతుంది. అది రోగం లాంటిది, ఆపలేం, తిరిగి వేయించినా అసలు విలువ రాదు. ధ్వనికి లోటు లేదు కాబట్టి వాయించడానికి కొనేవాళ్లు తగ్గింపు అడిగి తీసుకోవచ్చు.

రిమ్ముల (హెడ్‌ను నొక్కిపట్టే లోహపు చుట్ల) మీది పైపై తుప్పుకు భయపడొద్దు. వంటింటి అల్యూమినియం రేకును ఉండచేసి నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోతుంది. బాత్రూం కడిగే యాసిడ్ వద్దు, క్రోమ్ కిందికి దిగి వారం తర్వాత రెండింతలు తుప్పు తెస్తుంది. లగ్‌లు పోతపోసిన జింకువి, మూలల్లో సన్నటి చీలిక భూతద్దంతో వెతకండి.

తాళాలకు (సింబల్స్‌కు) బేరం వేరుగా కుదుర్చుకోండి. అంచున పగులు, నడిమి బెజ్జం తాళంచెవి రంధ్రంలా సాగడం, ఈ రెండు చూస్తే చాలు. కొన్నాక మాత్రం ఇత్తడి పాలిష్ పెట్టి రుద్దకండి, ముద్రలూ పాత ఛాయా పోతాయి.

లెక్క

అడిగిన ధరలు చూసి అంచనా కట్టొద్దు, అమ్ముడైన ధరలే చూడాలి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు రివర్బ్, ఈబే రెండింటిలోనూ అమ్ముడైనవాటిని విడిగా చూపించే వీలుంది. అదే కంపెనీ, అదే దశకం, అదే కొలతలు, అదే పూత ఉన్నవి నాలుగైదు దొరికేదాకా వెతకండి. కొలత చిన్న విషయం కాదు. కిక్ 18 అంగుళాలున్న చిన్న సెట్లు అన్నిటికన్నా ప్రియం, 20 తర్వాతిది, 22 మామూలుగా దొరికేది.

ఊహకు ఒక సెట్టు తీసుకుందాం. అన్నీ అసలువే ఉన్న మూడు డ్రమ్ముల ధర 1,20,000 రూపాయలని తేలిందనుకోండి. అందులో కిక్‌కు 44,000, ఫ్లోర్ టామ్‌కు (కాళ్ల మీద నిలబడే పెద్ద టామ్) 40,000, టామ్‌కు 36,000 పంచండి. మీ ముందున్న టామ్‌కు ర్యాప్ మార్చారు, సగం తీసేయాలి: 18,000. కిక్‌కు అదనపు మౌంటు బెజ్జం ఉంది, పావు వంతు తీసేస్తే 33,000. ఫ్లోర్ టామ్ కొంచెం వెలిసింది, పదోవంతు తగ్గిస్తే 36,000. కూడితే 87,000. కిక్ రిమ్మును పట్టే కొక్కేలు (క్లాలు) రెండు, ఫ్లోర్ టామ్ కాలు ఒకటి, దాని బ్రాకెట్టు లేవు. అసలువి వెతికి తెప్పించడానికి 6,000 పక్కన పెట్టండి. ఆరు కొత్త హెడ్‌లకు 9,000. మిగిలేది 72,000, మీ పైమెట్టు అదే. బేరం అంతకన్నా కిందనే మొదలుపెట్టండి. చిల్లర సామాన్లను చిన్నవని వదిలేయకండి, పాత కంపెనీల కిక్ క్లాలు, కాళ్లు దొరకడం షెల్ దొరకడం కన్నా కష్టంగా ఉంటుంది.

బయటి దేశం నుంచి తెప్పిస్తే ఇంకో లెక్క ఉంది. విమానంలో వచ్చే కొరియరు అసలు బరువు, ఘనపరిమాణం నుంచి కట్టిన బరువు రెండింటిలో ఎక్కువున్నదాన్ని లెక్కిస్తుంది. ఘనపరిమాణం లెక్క ఇది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 65, 65, 45 కొలతల కిక్ పెట్టె ఈ లెక్కన 38 కిలోలు, లోపలి డ్రమ్ము అందులో నాలుగో వంతు కూడా తూగదు. అందుకని హెడ్‌లూ రిమ్ములూ తీయించి, కిక్‌లో ఫ్లోర్ టామ్‌ను, దానిలో టామ్‌ను, మధ్యలో తువ్వాళ్లు కూరి, ఒకే పెట్టెలో పంపమని అడగండి. కస్టమ్స్‌లో డ్రమ్ములు 9206 శీర్షిక కిందికి వస్తాయి. సుంకం, దాని మీద సర్‌ఛార్జి, ఐజీఎస్టీ కలిపి ఎంతవుతుందో ఏజెంటును డబ్బు కట్టకముందే అడిగి, పైమెట్టులోంచి తీసేయండి.

ఇంటికి తెచ్చేటప్పుడు, తెచ్చాక

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం టెంపో వెనక టార్పాలిన్ కింద వేసుకు రావద్దు. తెల్లవారుజామున బయలుదేరండి. ఇంట్లో పై అంతస్తు మిద్దె గది కన్నా కింది గది నయం. పడమటి కిటికీకి ఎదురుగా, ఎయిర్ కూలర్ గాలి తగిలే చోట పెట్టొద్దు, ఒకటి రంగు తింటుంది, ఇంకొకటి తడితో క్రోమ్ తింటుంది. హెడ్‌లను పూర్తిగా వదులు చేయకుండా చేతి బిగువుకు ఉంచండి, షెల్ గుండ్రం చెడకుండా అవే పట్టుకుంటాయి. గుడ్డ సంచి మంచిది. ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టిన సెల్యులాయిడ్ తన ఆవిర్లలో తానే పాడవుతుంది. విప్పిన బోల్టులను డ్రమ్ముకొక డబ్బాలో వేసి, ఏ డ్రమ్ముదో పేరు రాసి ఉంచండి.